ఒక్క ఫోను, నలభై కాయితం ముక్కలు

బడిల ఫోన్ అనంగనే మన ఊర్లల్ల రెండు తీర్ల మాటలు ఇనవడ్తయ్. "ఫోన్లు వచ్చినంక పోరలు కరాబైండ్రు" అనేటోళ్లు కొందరు. "ప్రైవేటు బడులల్ల ట్యాబులిస్తున్నరట, మన సర్కారు బడిల ఏమున్నది?" అనేటోళ్లు ఇంకొందరు. నేను చిల్పూర్ మండలంల ఓ సర్కారు బడిల లెక్కలు చెప్త. ఈ రెండు మాటలూ నాకు అలవాటైనయే. నెట్‌ల ఫ్రీగ దొరికే యాప్‌లు, వెబ్‌సైట్లు మస్తున్నయ్. అండ్ల మన ఊరి బడికి ఏది పనికొస్తదో తేల్చెటందుకు నేను ఒక్కటే సూస్త. నా జేబుల ఉన్న ఒక్క ఫోన్‌తోని, ఎనుక వరుసల కూసున్న పోరనికి ఏం అర్థమైందో, ఏం కాలేదో నాకు తెలుస్తదా? తెలిస్తే ఆ యాప్ ఉంచుకుంట. తెల్వకపోతే ఎంత తళుకులున్నా తీసేస్త.

ఒక్క ఫోన్ అని ఎందుకంటున్ననంటే, ఇంట్ల ఫోన్ ఉన్నదంటే పిల్లల చేతిల ఉన్నట్టు కాదు. నాయిన ఫోన్ నాయినతోనే చెల్కకు పోతది, ఆటోల పోతది, పొద్దుగూకినంక ఇంటికొస్తది. అప్పటికి ఆ రోజు డాటా సగం అయిపోయి ఉంటది. మిగిలిన సగం అన్న చేతిలకు పోతది. ఆ అన్న మీరే కావచ్చు, కోపం తెచ్చుకోకుండ్రి. గిసొంటి ఇంటికి రాత్రి ఎనిమిది గంటలకు నేనో లింకు పంపి "రేపటికి చేసుకొని రా" అంటే ఏమైతది? ఫోన్ దొరికినోళ్లు చేసుకొస్తరు. దొరకనోళ్లు తల కిందికేసుకొని కూసుంటరు. ఎనుకబడ్డ పిల్లను ఇంకింత ఎనుకకు నూకుతది ఆ లింకు.

2020ల మనం గిదే చూసినం. కరోనాకు బడులు మూతవడ్డంక సెప్టెంబర్ 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి దాకా దూరదర్శన్ యాదగిరిల, టీశాట్‌ల పాఠాలు పెట్టిండ్రు. ఫోన్ లేని ఇంట్ల గూడ టీవీ ఉంటది కాబట్టి అది మంచి ఆలోచననే. గానీ టీవీకి కండ్లు లేవు. పాఠం చెప్తున్న సారుకు చూస్తున్న పిల్ల మొఖం కనవడది. పిల్ల నోరు తెరిచి "మళ్లొక్కసారి చెప్పుండ్రి" అంటే ఇనేటోళ్లు లేరు.

దానికంటే ముందుగాల మన రాష్ట్రంల ఇంకో పని జరిగింది, అది శానమందికి తెల్వది. 2015ల టాటా ట్రస్ట్స్, ముంబై టిస్, అమెరికాల ఉన్న ఎంఐటీ కలిసి 'క్లిక్స్' అనే కార్యక్రమం మొదలుపెట్టినయ్. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరంతో పాటు తెలంగాణ సర్కారు హైస్కూళ్లల్ల గూడ అది నడిచింది. బడి కంప్యూటర్లల్లనే పాఠాలు వేసి పెట్టిండ్రు, నెట్ లేకున్నా నడిచేటట్టు, తెలుగుల. లెక్కలల్ల 'పోలీస్ క్వాడ్' అని ఒక ఆట ఉండేది, నాలుగు భుజాల ఆకారాల గుణాలు పట్టుకొని ఆడే దొంగ-పోలీస్ ఆట. 2017 సంవత్సరానికి యునెస్కో బహుమానం గూడ వచ్చింది క్లిక్స్‌కు. నాకు అండ్ల నచ్చింది బహుమానం కాదు. ఒక్క కంప్యూటర్ ముంగట ఇద్దరు ముగ్గురు పిల్లలు కూసొని, వాదులాడుకుంట నేర్చుకునేటట్టు తయారు చేసిండ్రు దాన్ని. తలా ఒక్కటి ఇచ్చే స్తోమత లేదని ఏడ్వలేదు, ఉన్నదానికి సరిపోయేటట్టు పాఠాన్నే మలిచిండ్రు.

ఇగ నా జేబుల ఫోన్ కాడికి వస్త.

తరగతిల పాఠం అయినంక మేం సార్లందరం అడిగే ప్రశ్న ఒకటున్నది. "అర్థమైందా?" పిల్లలందరు ఒక్కటే గొంతుతోని "అయింది సార్!" అంటరు. మీరు గూడ అన్నరు, నేను చదువుకున్నప్పుడు నేనూ అన్న. ఆ జవాబు ఎంత అబద్ధమో మనందరికి ఎర్కే. చేతులెత్తమంటే ముందు వరుస మొనగాడు ఎత్తింది చూసి కడమోళ్లు ఎత్తుతరు.

దీనికి మందు 'ప్లికర్స్' అనే యాప్. నోలన్ ఎమీ అనే అమెరికా లెక్కల సారు తయారు చేసిండు. పిల్లలకు ఫోన్ అక్కెరలేదు, తలా ఒక కాయితం ముక్క చాలు. దాని మీద నల్లటి బొమ్మ ఉంటది, మనం పైసలు కొట్టే క్యూఆర్ కోడు లెక్క, గానీ పెద్దగ. ఒక్కో కాయితానికి ఒక్కో నంబరు, ఒక్కో తీరు బొమ్మ. నాలుగు అంచులకు ఏ, బీ, సీ, డీ అని సన్నటి అక్షరాలుంటయ్. నేను ప్రశ్న అడుగుత. జవాబు బీ అనుకున్న పిల్ల బీ అక్షరం పైకొచ్చేటట్టు కాయితాన్ని తిప్పి పట్టుకుంటది. నేను ముంగట నిలవడి ఫోన్ కెమెరాను తరగతి మీద ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుత. ఎవరి కాయితం ఎటు తిరిగి ఉన్నదో ఫోన్ గుర్తువట్టుకుంటది. అందరి జవాబులు నా చేతిలకు వచ్చేస్తయ్. అక్షరాలు సన్నగ ఉంటయ్, బొమ్మలు తలా ఒక తీరు ఉంటయ్ కాబట్టి పక్కోని కాయితం చూసి తిప్పుదామన్నా కుదరది.

ఒక ప్రశ్న చెప్త సూడుండ్రి. 6.5 పెద్దదా, 6.45 పెద్దదా? ఏ అంటే 6.5, బీ అంటే 6.45, సీ అంటే రెండూ సమానం, డీ అంటే తెల్వది. అంతకు ముందురోజే దశాంశాల పాఠం చెప్పి, "అయింది సార్" అనిపించుకున్న తరగతి అది. ఫోన్ తిప్పిన. సగం మంది కంటే ఎక్కువ బీ పట్టుకున్నరు. ఎందుకో అడిగితే ఒక పిల్ల లేచి "45 పెద్దది గద సార్, 5 చిన్నది" అన్నది. చుక్క ఎనుక ఉన్నదాన్ని మామూలు అంకె లెక్క చదువుతున్నరన్నట్టు. గిప్పుడు రోగం దొరికింది. ఆ పిల్ల ఇంట్ల బర్రెలున్నయ్, రోజూ పాలకేంద్రంల పాలు పోస్తరు. "మీ పాలకు వెన్న 6.5 వచ్చిన్నాడు ఎక్కువ పైసలొస్తయా, 6.45 వచ్చిన్నాడా?" అన్న. ఆలోచన చేసింది. ఆరు రూపాయల యాభై పైసలు, ఆరు రూపాయల నలభై ఐదు పైసలు అని బోర్డు మీద పక్కపక్కన రాసిన. తరగతి మొత్తం "ఓహో" అన్నది. మళ్ల ఇంకో రెండు అంకెలు ఇచ్చి ఫోన్ తిప్పిన. బీలు తగ్గినయ్.

చూసిండ్రా, పాఠం చెప్పింది యాప్ కాదు. పాలకేంద్రం చెప్పింది, పైసలు చెప్పినయ్. యాప్ నాకు ఎక్కడ నొస్తున్నదో చూపెట్టింది, గంతే. గానీ ఆ గంతే లేక మా బడులల్ల ఏండ్లకేండ్లు గడుస్తున్నయ్. ఇంకో ముచ్చట, ఆ డీ జవాబు. 'తెల్వది' అనేది మన తరగతులల్ల నామోషీ మాట. నలుగుట్ల నోటితోని అనలేని పిల్ల, కాయితం తిప్పి నాకొక్కనికే చెప్పుకుంటది. నేను ముందుగాల పోయేది వాళ్ల కాడికే.

ఫ్రీల ఒక సెట్టుకు ఐదు ప్రశ్నలే పెట్టనిస్తరు. ఒక పీరియడ్‌కు ఐదు మస్తు. జరంత నెట్ కావాలె. కాయితాలకు మెరిసే ప్లాస్టిక్ ఏపియ్యకుండ్రి, వెలుతురు తగిలి కెమెరాకు బొమ్మ కనవడది. అట్ట ముక్కకు అంటిస్తే యాడాది ఆగుతయ్.

సైన్స్‌కు 'ఫెట్' ఉన్నది. అమెరికాల కొలరాడో యూనివర్సిటీల, నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ అనే భౌతికశాస్త్రం సారు 2002ల మొదలుపెట్టిండు. కరెంటు, బలం, అణువులు గిట్ల కదిలే బొమ్మల మీద చేసి చూసే ప్రయోగాలు అవి. ఫైలు దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తయ్, కొన్ని తెలుగుల గూడ ఉన్నయ్. కరెంటు పాఠం అప్పుడు మా సైన్స్ మేడం ఫోన్‌ను ఒక గుంపుకు ఇస్తది. కడమ గుంపులకు అసలు సెల్లు, బల్బు, వైరు ఇస్తది. తర్వాత మారుస్తది. ఫోన్ల పిల్లలు చేసే మొదటి పని ఏందో ఎర్కేనా? వైరు రెండు కొసలు బ్యాటరీకి అంటిచ్చి మంటలు లేపుడు! లేపనియ్యాలె. అక్కడ మండేది బొమ్మే. బాయికాడ స్టార్టర్ ముట్టుకొని పాణం పోయిన ముచ్చట ఏ ఊర్ల అడిగినా ఒక్కటన్న చెప్తరు. ఫ్యూజు ఎందుకుండాలెనో, దాని జాగల లావు తీగ సుడితే ఏమైతదో పరీక్ష కోసం కాదు, బతుకుటందుకు తెల్వాలె మన పిల్లలకు.

పాఠ్యపుస్తకాలల్ల ఉన్న క్యూఆర్ కోడ్లు మీరు చూసే ఉంటరు. 2017ల కేంద్రం తెచ్చిన 'దీక్ష' యాప్‌తోని అవి తెరుచుకుంటయ్. పాఠం దించుకొని పెట్టుకుంటే తర్వాత నెట్ లేకున్నా చూడొచ్చు. పనికొస్తది, గానీ అది గూడ టీవీ లెక్కనే, ఎక్కువ చెప్తది, తక్కువ వింటది.

వినే యాప్‌లు గూడ ఉన్నయ్. పిల్ల కథ చదువుతుంటే విని, తప్పు చదివితే ఆపి, సరిగ చదివితే చుక్కలిచ్చేటియి. చిన్న తరగతులకు మంచి సాధనమే. గానీ నేను వాడి చూసిన ఒకదాంట్ల ఒక కిరికిరి కనవడ్డది. తెర మీద 'వస్తున్నాడు' అని ఉంటది. మా రెండో తరగతి పోరడు అక్షరాలన్ని చూసి, అర్థం చేసుకొని, "అత్తాండు" అంటడు. యాప్ తప్పు అంటది. వాడు మళ్ల "అత్తాండు" అంటడు. మళ్ల తప్పు. వాడు చదవలేకపోతున్నడా? చదివిండు, అర్థాన్ని తన నోటి మాటలకు మార్చుకున్నడు గూడ, అది ఇంకా పెద్ద పని. పక్కన సారు ఉంటే "శబాష్, ఇగ పుస్తకంల ఎట్లున్నదో గట్ల చదువు" అంటడు. యాప్ ఒక్కదానికే అప్పజెప్తే, నీ ఇంటి మాటనే తప్పు అని ఏడేండ్ల పోరనికి రోజూ చెప్పినట్టు అయితది. మనం పెద్దోళ్లమైనంక మన భాషను ఎక్కిరించిండ్రని కొట్లాడినం. ఆ ఎక్కిరింపు మళ్లొకసారి ఫోన్ల నుంచి రావొద్దు.

దానికి ఎదురు మందు 'స్టోరీవీవర్'. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015ల పెట్టిండ్రు. బొమ్మల కథలు, తెలుగుల గూడ. ఎవరైనా చదువొచ్చు, అచ్చేసుకోవచ్చు, వేరే భాషలకు మార్చొచ్చు, కొత్తది రాయొచ్చు, ఎవరు అడ్డం చెప్పరు. మా పిల్లలు చిల్పూర్ గుట్ట మీది బుగులు ఎంకటేశ్వర సామి గుడి మెట్ల మీద కోతులు కొబ్బరి చిప్పలు గుంజుకున్న కథ చెప్పిండ్రు. చెప్పింది చెప్పినట్టే, 'అత్తాంటే', 'గుంజుకపోయింది' అన్న మాటలతోనే రాసి, అచ్చేసి గోడకు అంటిచ్చినం. ఎప్పుడు పుస్తకం ముట్టనోడు గూడ గోడకాడ నిలవడి చదివిండు.

ఇగ 'ఫ్రీ' అనే మాట మీద జర నిలవడాలె. 2020 లాక్‌డౌన్ల బైజూస్ తన యాప్‌ను కొన్ని రోజులు పిల్లలకు ఫ్రీ అన్నది. 2022 డిసెంబర్ల ఆంధ్రప్రదేశ్ సర్కారు ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ కంపెనీ పాఠాలేసిన ట్యాబులు పంచింది. 2024 జులైకి ఆ కంపెనీ దివాలా కేసుల పడ్డది. గూగుల్ 'జామ్‌బోర్డ్' అని ఫ్రీ బోర్డు ఇచ్చింది, 2024 ఆఖరికి మూసేసింది. దాని మీద పాఠాలు తయారు చేసుకున్న సార్లు అవన్ని వేరే తావుకు మోసుకోవాల్సొచ్చింది. అందుకే నేను ఏ యాప్ మీద మొత్తం భారం పెట్టను. దించుకోగలిగింది దించుకుంట, అచ్చేసుకోగలిగింది అచ్చేసుకుంట.

ఇంకోటి పిల్లల వివరాలు. 2023ల వచ్చిన డిజిటల్ డాటా రక్షణ చట్టం 18 ఏండ్లు నిండనోళ్లందరిని పిల్లల కింద్నే లెక్కగడ్తది, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలంటది. నేను పేర్లు ఎక్కియ్యను. ప్లికర్స్‌ల మా పిల్లలు 1 నుంచి 40 దాకా నంబర్లే. ఏ నంబరు ఎవరిదో నా నోటుబుక్కుల ఉంటది, నెట్‌ల ఉండది.

ఇది చదివే తమ్ముండ్లు, చెల్లెండ్లల్ల డిగ్రీ, బీటెక్ చేసి పరీక్షలకు తయారయితున్నోళ్లు మస్తుమంది ఉంటరని తెలుసు. మీ ఊరి బడికి ఒక్కసారి పోండ్రి. రీలు తీసుటందుకు కాదు. సార్లను అడుగుండ్రి, ఏం కావాలెనో. మీకు ఇంగ్లీషు, తెలుగు రెండూ వస్తయ్. ఫెట్‌ల ఇంకా తెలుగుల లేని ప్రయోగాన్ని మార్చుటానికి రాసి అడిగితే మీకు అవకాశమిస్తరు, అక్కడ తెలుగు చేసినోళ్లు మీ అసొంటి వాలంటీర్లే. స్టోరీవీవర్‌ల మీ అవ్వ చెప్పిన కథ ఎక్కియ్యొచ్చు. ప్లికర్స్ కాయితాలు పేజీకి రెండు పడ్తయ్, నలభై మందికి ఇరవై పేజీలు. మీ దోస్తుకు జిరాక్స్ సెంటర్ ఉంటే ఒక చాయ్ ఖర్చుల అయిపోతది.

పెట్టెల పడున్న పాత ఫోన్ ఉంటే అదియ్యుండ్రి. తెర పగిలినా పర్వాలేదు, కెమెరా మంచిగుండాలె. ఇచ్చే ముందు ఫోటోలు, ఫోన్‌పే, మెయిల్ అన్ని తీసేసి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టుండ్రి. చార్జర్ మర్వకుండ్రి, పాత ఫోన్లకు పిన్ను దొరకక మా బీరువాల ఇప్పటికే రెండు మూలకు పడ్డయ్.