స్పీకరు వైరు చాలకపోతే అతుకు ఎలా వేయాలి?

ఆంప్లిఫయరు నడింట్లో ఉంటుంది. కైవారం తాతయ్య తత్వాలు వినే పెద్దవాళ్ళేమో వెనక గదిలోనో వసారాలోనో కూర్చుంటారు. స్పీకరుతో వచ్చిన రెండు మూడు మీటర్ల వైరు అక్కడిదాకా అందదు. చేతికి దొరికిన ముక్కను మెలితిప్పి టేపు చుట్టేస్తే ఆ రోజుకు పాట వస్తుంది. తర్వాత ఎప్పుడో టేపు జారి రెండు తీగలూ తగులుకున్నాయంటే ఆంప్లిఫయరులోని ఐసీ కాలిపోతుంది. దాని రిపేరుకయ్యే ఖర్చుతో కొత్త వైరు చుట్టే కొనుక్కోవచ్చు.

ముందు వైరు సంగతి. చిక్కబళ్ళాపురమైనా చింతామణైనా బాగేపల్లైనా, ఎలక్ట్రికల్ అంగడిలో 14/36, 23/36, 40/36 అని అడుగుతారు. 14/36 అంటే 36 గేజి సన్న పోగులు 14 అని అర్థం. పోగులు ఎంత ఎక్కువైతే అడ్డంకి అంత తక్కువ. స్పీకరు పది మీటర్ల దూరంలో ఉంటే కరెంటు పోయి రావాలి కాబట్టి ఇరవై మీటర్ల తీగ లెక్క. 14/36 రాగి వైరులో ఆ దూరానికి సుమారు 0.84 ఓమ్ అడ్డంకి వస్తుంది. 4 ఓమ్ స్పీకరైతే దానికి చేరాల్సిన పవరులో దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. 40/36 వేస్తే తగ్గేది 13 శాతం దగ్గరే. చెవికి ఈ తేడా లెక్కలో కనబడినంత పెద్దగా వినిపించదు. అయినా వైరు ఒకసారే కొంటాం, పది మీటర్లకు 40/36కు తక్కువ కొనకండి. రెండు మూడు మీటర్లకైతే 23/36 చాలు.

కొనేముందు కొస కత్తిరించి, ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. పైన రాగిరంగు ఉండి లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. అడ్డంకి ఎక్కువ. గీకినచోట సోల్డరింగ్ కూడా సరిగా పట్టదు.

అతికేటప్పుడు ఆంప్లిఫయరు ఆపి, ప్లగ్గు పీకేయాలి. పాత వైరుకూ కొత్త వైరుకూ గీత ఉన్న తీగ ఏదో, లేని తీగ ఏదో చూసుకుని, గీతకు గీతనే కలపాలి. రెండు అతుకులూ ఒకేచోట రాకూడదు. ఒక తీగను మూడు సెంటీమీటర్లు పొట్టిగా, ఇంకోదాన్ని పొడుగ్గా కత్తిరిస్తే అతుకులు ఎడంగా పడతాయి. అప్పుడు టేపు ఊడినా ఒకదానికొకటి తగలవు. అన్నిటికంటే పనికొచ్చే ఉపాయం ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు.

హీట్ ష్రింక్ స్లీవును ముందే వైరుకు ఎక్కించి పెట్టుకోండి, అతికాక ఎక్కించడానికి వీలుండదు. పై తొడుగు రెండు సెంటీమీటర్లు ఒలిచి, పోగులు తెగకుండా ఒకదాని మీద ఒకటి గట్టిగా మెలిపెట్టాలి. సోల్డరింగ్ ఐరన్‌తో తీగను వేడిచేసి, సీసాన్ని ఐరన్‌కు కాక తీగకు తగిలించాలి. తీగ వేడికి అది తనంతట కరిగి పోగుల్లోకి పాకితే అతుకు మంచిది. ముద్దలా పైన నిలిస్తే పట్టనట్టే. ఐరన్ లేనివాళ్ళు స్క్రూ కనెక్టరు వాడొచ్చు. ఉత్త మెలికా టేపూ మాత్రం వద్దు, ఎండాకాలం వేడికి టేపు జిగురు కారిపోతుంది.

స్పీకరు వైరు కొసకు ఇంటి కరెంటు ప్లగ్గు బిగించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఎవరో పిల్లలు దాన్ని గోడ సాకెట్లో పెడితే 230 వోల్టులు నేరుగా స్పీకరులోకి పోతాయి. వైరు బయటి తీగను పట్టుకున్నవాళ్ళ ప్రాణానికే ముప్పు. అలాంటివి ఇప్పుడే తీసేయండి. మెయిన్సు వైర్లున్న పైపులో స్పీకరు వైరును దూర్చడమూ తగదు. రాతి బండల కప్పున్న పాత ఇళ్ళలో గోడ తొలవలేం కాబట్టి, కరెంటు వైరుకు దూరంగా వేరే క్లిప్పులు కొట్టి నడిపించండి.

ఉన్న వైరుకే మధ్యలో అతుకేసి ఇంకో స్పీకరు తగిలించడం వేరే సంగతి. రెండు 8 ఓమ్ స్పీకర్లు పక్కపక్కన కలిస్తే 4 ఓమ్ అవుతాయి, రెండు 4 ఓమ్‌లు కలిస్తే 2 ఓమ్. ఆంప్లిఫయరు వెనక 4 ఓమ్ అని రాసుంటే 2 ఓమ్ పెట్టకూడదు, వేడెక్కి పోతుంది.

పని అయ్యాక, వైరును ఆంప్లిఫయరుకు తగిలించకముందే, ఒక 1.5 వోల్టుల సెల్లు తీసుకోండి. ఆంప్లిఫయరు వైపు కొసల్లో గీత తీగను సెల్లు ప్లస్సుకు, రెండోదాన్ని మైనస్సుకు ఒక్క క్షణం తాకించండి. పెద్ద స్పీకరు కోను బయటికి కదలాలి. రెండు స్పీకర్లనూ ఇలాగే చూడండి. ఒకటి బయటికీ ఒకటి లోపలికీ పోతే ఎక్కడో తీగలు తారుమారయ్యాయి. అలాగే వదిలేస్తే రెండూ మోగుతున్నా మృదంగం, తబలా దెబ్బ పలచబడి వినిపిస్తుంది. తారుమారైన స్పీకరు వెనక తీగలు రెండూ మార్చి బిగిస్తే చాలు, అతుకు విప్పనక్కర్లేదు.