బీపీ మాత్ర... చెప్పకుండా ఆపొద్దు!

జీడితోటలో ఆకులు ఊడుస్తుంటే పాము కనిపిస్తే..? గుండె దడదడలాడుతుంది. చెమటలు పట్టేస్తాయి. కాళ్లు పరుగందుకుంటాయి. ఇదంతా చేయించేది సహానుభూత నాడీవ్యవస్థ. ప్రమాదం తప్పాక అది శాంతించాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో మాత్రం ఊరుకోదు. దెబ్బతిన్న కిడ్నీల నుంచి వెళ్లే సంకేతాలు ఆ నాడుల్ని రెచ్చగొడుతూనే ఉంటాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. పెరిగిన బీపీ కిడ్నీని మరింత దెబ్బతీస్తుంది.

సంతబొమ్మాళి నుంచి ఉద్దానం పల్లెలదాకా ఈ సంగతి ప్రతి ఇంటికీ అవసరమే. అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కానీ డయాలసిస్ వారానికి రెండుమూడు పూటలే. మిగతా సమయమంతా నర్సులు ఇంట్లోవాళ్లే!

ఎన్నో రకాల బీపీ మాత్రల్లో కొన్ని నేరుగా ఈ నాడుల జోరునే తగ్గిస్తాయి. మెటొప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు గుండె వేగానికి కళ్లెం వేస్తాయి. ఈ కోవలో ప్రొప్రనొలాల్‌ను కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. ప్రజోసిన్ రక్తనాళాలను వదులు చేస్తుంది. క్లోనిడిన్ మెదడు నుంచే నాడులకు వెళ్లే ఆదేశాలను తగ్గిస్తుంది.

ఇంట్లో గమనించాల్సినవి...

* 'ఒంట్లో బాగానే ఉంది కదా' అని మానేయొద్దు. క్లోనిడిన్ హఠాత్తుగా ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీటా బ్లాకర్లు ఆపితే గుండెకు ముప్పు. డాక్టరు చెప్పినట్టు క్రమంగానే తగ్గించాలి.

* ప్రజోసిన్ మొదటి మోతాదుకు కళ్లు తిరిగి పడిపోవచ్చు. అందుకే పడుకునే ముందు ఇస్తారు. మంచం మీద కాసేపు కూర్చున్నాకే లేవనివ్వాలి.

* బీటా బ్లాకరు ఇచ్చేముందు నాడి చూడాలి. నిమిషానికి 50 కన్నా తక్కువుంటే ఆ మోతాదు ఇవ్వకుండా వెంటనే డాక్టరును అడగాలి. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి.

* మధుమేహం ఉన్నవారికి చక్కెర పడిపోయినా దడ తెలియకపోవచ్చు. చెమటలే గుర్తు.

* అటెనొలాల్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అందుకే పక్కింటివారి మోతాదు మనకు పనికిరాదు.

* డయాలసిస్‌లో బీపీ పడిపోవచ్చు. ఆ ఉదయం మాత్ర వేయాలో వద్దో ముందే అడగాలి. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు.

* జలుబు మాత్రల్లోని ఫినైల్ఎఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ ఈ నాడుల్ని ఉసిగొల్పి బీపీ పెంచుతాయి. దుకాణంలో అడిగి కొనేయొద్దు.

ఇక నౌపడ ఉప్పు మడులు ఆ పక్కనే ఉన్నా వంటింట్లో ఉప్పుచెయ్యి బిగించాల్సిందే. ఎండుచేపలూ ఆవకాయా తగ్గకపోతే ఎంత మంచి మాత్రయినా పూర్తిగా పనిచేయదు.