ఫిన్స్ ఎంత ఆడిస్తే అంత వేగమా?

స్కూబా నేర్చుకునేవాళ్లకు రెగ్యులేటర్‌తో ఊపిరి తీసుకోవడం, చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం ఓపికగా నేర్పుతారు. కాళ్లకు తొడిగే ఫిన్స్ దగ్గరికొచ్చేసరికి "ఈత వచ్చు కదా, అదే వస్తుంది" అని వదిలేయడం తరచూ జరుగుతుంది. అందుకే రుషికొండలోనో అండమాన్‌లోనో కోర్సు ముగించుకున్నాక కూడా కొన్ని అపోహలు అలాగే మిగిలిపోతాయి.

అపోహ: గట్టిగా, గబగబా తన్నితే త్వరగా వెళ్తాం.

వాస్తవం: నీటి సాంద్రత గాలికన్నా సుమారు 800 రెట్లు ఎక్కువ. వేగం రెట్టింపు చేయబోతే నీరు నాలుగు రెట్లు ఎదురు నెడుతుంది. కండరాలు పెట్టాల్సిన శక్తి దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది. ఆ శక్తికి కావలసిన గాలంతా వీపు మీది సిలిండర్ నుంచే రావాలి. 20 మీటర్ల లోతులో పీడనం పైనున్నదానికి మూడు రెట్లు. అంటే అక్కడ తీసుకునే ఒక్కో ఊపిరికి సిలిండర్‌లో మూడు ఊపిర్ల గాలి తరుగుతుంది. ఆయాసపడితే గాలి త్వరగా అయిపోవడమే కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని, ఊపిరి చాలడంలేదన్న కంగారు మొదలవుతుంది. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

తెడ్డు వేసినవాడు పడవ జారినంతసేపూ జారనిచ్చి, ఆ తర్వాతే మళ్లీ వేస్తాడు. ఫిన్ సంగతీ అంతే. ఒక తోపు, తర్వాత కాళ్లు కదపకుండా జారడం. ఆ జారుడులో వచ్చే దూరానికి ఖర్చయ్యే గాలి చాలా తక్కువ.

అపోహ: ముందుకు సాగకపోతే లోపం కాళ్లలోనే ఉంది.

వాస్తవం: చాలాసార్లు లోపం శరీరం వాలులో ఉంటుంది. నడుముకు బరువులు ఎక్కువైతే కాళ్లు కిందికి వేలాడి, తల పైకి లేస్తుంది. ఆ భంగిమలో తన్నిన ప్రతి తన్నూ మనిషిని కొంత ముందుకు, కొంత పైకి నెడుతుంది. పైకి పోకుండా ఉండాలని డైవర్ తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లోంచి గాలి వదిలేస్తాడు. దాంతో బరువెక్కి, మునిగిపోకుండా ఉండటానికి మళ్లీ తన్నుతూనే ఉండాలి. డైవ్ అంతా ఇలా గడిచిపోయినా, తాను ఈదుతున్నాననే అనుకుంటాడు.

దీన్ని కనిపెట్టడం తేలిక. బోర్లా పడుకున్నట్టు ఉండి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ, కాసేపు కాళ్లు పూర్తిగా ఆపేయండి. ఒళ్లంతా కిందికి జారుతుంటే బరువు ఎక్కువైంది, లేదా జాకెట్‌లో గాలి తక్కువైంది. కాళ్లు మాత్రమే వాలుతుంటే బరువులను కొంత ఛాతీ వైపు జరపాలి, సిలిండర్‌ను కాస్త తలవైపు కట్టుకోవాలి. ఈ వాలు సరిపడకుండా ఏ కిక్ నేర్పినా నిలవదు.

అపోహ: కప్పలా తన్నే ఫ్రాగ్ కిక్ గుహల్లో దిగే నిపుణులకు, కొత్తవాళ్లకు ఫ్లట్టర్ చాలు.

వాస్తవం: ఉత్తర ఫ్లోరిడా నీటి గుహల్లో దిగేవాళ్లు ఈ కిక్‌ను ప్రాణంగా చూసుకున్న మాట నిజమే. అక్కడ అడుగున ఉండే మెత్తని ఒండ్రు ఒక్క ఫిన్ దెబ్బకు లేచి, దారి చూపే తాడు కూడా కనపడకుండా చేస్తుంది. కాళ్లు పైకీ కిందికీ ఆడే ఫ్లట్టర్ నీటిని అడుగుకు కొడుతుంది. ఫ్రాగ్ కిక్ దాన్ని వెనక్కి తోస్తుంది.

పగడపు దిబ్బకూ ఈ మర్యాద అవసరమే. ఏడాదికి ఒక సెంటీమీటరు మాత్రమే పెరిగే పగడాలు ఉన్నాయి. వాటిమీద పడిన ఇసుకను వదిలించుకోవడానికి అవి జిగురు స్రవించి శక్తి ఖర్చు చేసుకోవాలి. కొమ్మల పగడమైతే ఫిన్ తగిలితే విరుగుతుంది. అందుకే ఫ్రాగ్ కిక్ మొదటి కోర్సులోనే నేర్పాలంటాను.

తొడలు నడుముకు సమంగా ఉంచి, మోకాళ్లు మడిచి, పాదాలు పైకి ఉండేలా చూసుకోండి. మడమలు తిప్పి ఫిన్ల అడుగులు బయటికి తెరవండి. పక్కలనుంచి వెనక్కి నీటిని తోస్తూ రెండు పాదాలూ దగ్గరికి తెచ్చి, అలాగే ఆగండి. మడమ తిప్పకపోతే ఫిన్ అంచు నీటిని కోసుకుపోతుందే తప్ప తోయదు.

అలాగని ఫ్లట్టర్‌ను తీసిపారేయక్కర్లేదు. ఎదురు ప్రవాహంలో తోపు తెగకుండా ఉండాలంటే అదే మేలు.

అపోహ: ఫ్లట్టర్ కిక్‌లో మోకాలే ముఖ్యం.

వాస్తవం: కదలిక తుంటినుంచి రావాలి. మోకాలు కొద్దిగా వంగితే చాలు. సైకిల్ తొక్కినట్టు మోకాళ్లు పొట్టవైపు వస్తే ఫిన్ నీళ్లలోంచి జారిపోతుంది, తోపు ఉండదు.

అపోహ: ఖరీదైన ఫిన్స్ కొంటే సమస్య తీరుతుంది.

వాస్తవం: మరీ బిరుసైనవైతే పిక్కలు పట్టేస్తాయి. మధ్యలో చీలికతో చేసిన ఫిన్స్ ఫ్లట్టర్‌కు హాయిగా ఉన్నా, ఫ్రాగ్ కిక్‌కు, వెనక్కి వెళ్లడానికి అంతగా లొంగవు.

అపోహ: ఫిన్స్‌తో వెనక్కి వెళ్లడం కుదరదు.

వాస్తవం: కుదురుతుంది. కాళ్లు వెనక్కి చాపి, పాదాలను మోకాలివైపు వంచి, ఫిన్ల పైభాగంతో నీటిని పక్కలకూ ముందుకూ లాగాలి. మొదట్లో ఉన్నచోటే ఊగుతున్నట్టు ఉంటుంది. స్విమ్మింగ్ పూల్‌లో గోడకు ముఖం పెట్టి సాధన చేయండి, గోడ దూరమవడం మొదలైతే పట్టు చిక్కినట్టే.