పాత డిజిటల్ కెమెరాల రంగు ఎక్కడిది?

ఇరవై ఏళ్ల క్రితం పెళ్లిళ్లలో, కాలేజీ టూర్లలో తిరిగి, సెల్‌ఫోన్ రాగానే బీరువా అడుగుకు చేరిన చిన్న డిజిటల్ కెమెరాలకు మళ్లీ గిరాకీ వచ్చింది. వెతికి మరీ కొనే కుర్రకారును అడిగితే ‘సీసీడీ రంగే వేరు’ అంటారు. అందులో నిజమెంత?

ఆ కెమెరాల్లో వెలుగును పట్టే సీసీడీ చిప్‌ను 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. 2009లో అందుకు నోబెల్ వచ్చింది. 1988లో ఎగిరిన మన ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం నేలను చూసిందీ సీసీడీలతోనే.

వెలుగు పడితే చిప్‌లోని ప్రతి పిక్సెల్‌లో ఎలక్ట్రాన్లు పోగవుతాయి. స్లాబు వేసేటప్పుడు తట్టలు చేతులు మారినట్టు, ఈ పోగులు పక్క పిక్సెల్‌కు జరుగుతూ చివరన ఉన్న ఆంప్లిఫయర్‌కు చేరతాయి. సెల్‌ఫోన్లలో ఉండే సీమాస్ చిప్‌లో అయితే ఏ పిక్సెల్‌కు ఆ పిక్సెల్ దగ్గరే ఆంప్లిఫయర్ ఉంటుంది.

ఈ తేడా కంటికి కనబడాలంటే రాత్రిపూట పటాన్‌చెరు దగ్గర ముంబై హైవే పక్కన నిలబడి పాత కెమెరాతో వీడియో తీయండి. ఎదురొచ్చే లారీ హెడ్‌లైట్ నుంచి పైకీ కిందికీ నిలువు గీత సాగుతుంది. పోగులు జరిగే దారిలోకి అతి వెలుగు చొరబడటమే కారణం. ఫోన్‌లో ఆ గీత రాదు. కానీ వేగంగా తిరిగే ఫ్యాన్‌ను ఫోన్ వీడియోలో చూస్తే రెక్కలు వంకర పోతాయి. ఎందుకంటే ఫోన్‌లోని సీమాస్ చిప్ వరస తర్వాత వరసగా చదువుతుంది. చిన్న కెమెరాల సీసీడీ సాధారణంగా బొమ్మనంతా ఒకేసారి పట్టేస్తుంది.

మరి రంగు? అది ఈ రెండు చిప్‌లకూ తెలియదు. పిక్సెళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు పరిచే పద్ధతికి కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంట్ వచ్చింది. రంగు తేల్చేది ఆ ఫిల్టర్లు, వాటి లెక్క కట్టే ప్రాసెసర్. పాత రంగుల కోసం ఇప్పటికీ అడిగి కొనే 2005 నాటి కేనన్ 5డీలో ఉన్నది సీమాసే!

ఫోన్ పలు ఫ్రేములు కలిపి, నీడలు లేపి, ముఖం నునుపు చేస్తుంది. పాత కెమెరా ఒక్క ఫ్రేముతో సరిపెడుతుంది. నీడ నల్లగానే ఉంటుంది, ఆకాశం తెల్లగా పోతుంది, ఫ్లాష్ ముఖం మీద సూటిగా కొడుతుంది. జనానికి నచ్చింది ఇదే.

కొనేవారికి రెండు జాగ్రత్తలు: 2006కు ముందువాటిలో చాలా కెమెరాలు 2 జీబీ దాటిన ఎస్‌డీ కార్డు తీసుకోవు. లెన్స్ మూసి ఒక ఫొటో తీయండి. తెల్ల చుక్కలు గుంపుగా వస్తే చిప్ పాడైనట్టే. ‘సీసీడీ’ అన్న మూడక్షరాలకు మాత్రం అదనంగా డబ్బు పెట్టకండి.