చంద్రునిపై నీటి జాడ

మన ప్రాచీన కవులు చంద్రుని శీతాంశుడనీ, సుధాకరుడనీ కీర్తించారు. ఆధునిక శాస్త్రజ్ఞులకు కనబడిన చంద్రుడు వేరు. అక్కడ చెప్పుకోదగిన వాయుమండలము లేదు. గురుత్వాకర్షణ భూమిమీద ఉన్నదానిలో ఆరవవంతు మాత్రమే. మధ్యరేఖవద్ద పగటి వేడిమి 120 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరుతుంది. అట్టి చోట నీరు ఉన్నా ఆవిరియై రోదసిలో కలిసిపోవలసినదే. 1969-72 సంవత్సరముల మధ్య అపోలో యాత్రికులు 382 కిలోగ్రాముల చంద్రశిలలను, మట్టిని భూమికి తెచ్చారు. వాటిలో కొన్నింట నీటి ఆనవాళ్లు అత్యల్పముగా కనబడకపోలేదు. అయితే అది మన గాలిలోని తేమ అంటుకొనుటవలన వచ్చినదని పలువురు భావించారు. చంద్రుడు ఎండుగోళమన్న అభిప్రాయము ఆ విధముగా నాలుగు దశాబ్దములు నిలిచినది.

ఈ అభిప్రాయమును మార్చిన పరిశోధనలో మన దేశమునకు ముఖ్యమైన పాత్ర ఉన్నది. 2008 అక్టోబరు 22వ తేదీన శ్రీహరికోట నుండి చంద్రయాన్-1 బయలుదేరినది. అందులోని పరికరములలో ఒకటి అమెరికా సంస్థ నాసా అమర్చిన వర్ణపటమాపకము. ఈ పరికరము చంద్రుని మట్టిని తాకలేదు. చంద్రునిపై పడి తిరిగివచ్చే సూర్యకాంతిని మాత్రమే పరిశీలించినది. కాంతినిబట్టి నీటిని గుర్తించుట ఎట్లు?

ఎర్రని వస్త్రము ఎర్రని కాంతిని తిప్పి పంపి, తక్కిన రంగులను చాలవరకు మ్రింగివేస్తుంది. అట్లే ప్రతి పదార్థమూ కంటికి కనబడని పరారుణ కిరణములలో కూడ కొన్నింటిని మ్రింగుతుంది. ఉదజని, ఆమ్లజని పరమాణువుల నడుమ గల బంధము స్ప్రింగువలె సాగుతూ, ముడుచుకొంటూ కంపిస్తుంది. ఆ కంపనమునకు సరిపోయిన కిరణములను అది గ్రహిస్తుంది. వాటి తరంగదైర్ఘ్యము సుమారు 3 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కనుక తిరిగివచ్చిన కాంతిలో 3 మైక్రానులవద్ద లోటు కనబడినచో, అచ్చట ఈ బంధము ఉన్నదన్నమాట. చంద్రయాన్ పరికరమునకు ఆ లోటు కనబడినది. ధ్రువములవైపు పోయినకొలది అది హెచ్చినది.

కాని ఈ పరికరపు చూపు 3 మైక్రానులతో ఆగిపోతుంది. పైగా వేడెక్కిన చంద్రతలము తానే ఆ ప్రాంతమున కిరణములను వెలువరిస్తుంది. ఇందువలన ఇతర సాక్ష్యములు అవసరమైనవి. శనిగ్రహమునకు పోతూ 1999లో చంద్రుని దాటిన కాసిని నౌక కొలతలను శాస్త్రజ్ఞులు తిరిగి పరిశీలించారు. తోకచుక్కల పరిశీలనకై పంపిన డీప్ ఇంపాక్ట్ నౌక 2009 జూన్‌లో చంద్రునివైపు చూచినది. రెండింటికీ అదే లోటు కనబడినది. 2009 సెప్టెంబరులో ఈ మూడు ఫలితములూ కలిసి వెలువడినవి.

అయినను ఒక సందేహము మిగిలినది. నీటి అణువులో రెండు ఉదజని పరమాణువులు, ఒక ఆమ్లజని పరమాణువు ఉంటవి. ఒక్కొక్కటి మాత్రమే ఉన్నచో అది హైడ్రాక్సిలు. సూర్యుని నుండి వెలువడే ఉదజని కణములు చంద్రుని మట్టిలోని ఆమ్లజనితో కలిసి హైడ్రాక్సిలు ఏర్పడగలదు. 3 మైక్రానుల గుర్తు ఈ రెండింటికీ ఉన్నది. అయితే రెండు ఉదజని చేతులూ దగ్గరగుచు దూరమగుచు ఊగినప్పుడు 6 మైక్రానులవద్ద మరియొక గుర్తు ఏర్పడుతుంది. ఒంటిచేతి హైడ్రాక్సిలుకు ఇది అసాధ్యము.

మన గాలిలోని తేమ ఆ కిరణములను అడ్డుకొంటుంది. అందుచే దూరదర్శినిని అమర్చిన సోఫియా అను విమానము, ఆ తేమలో అధికభాగము క్రిందనే ఉండిపోవునంత ఎత్తున ఎగురుతూ 2018 ఆగస్టులో చంద్రుని పరిశీలించినది. దక్షిణార్ధగోళములోని క్లేవియస్ బిలప్రాంతమున, ఎండపడుచున్న నేలపై, 6 మైక్రానుల గుర్తు దొరికినది. 2020లో ఈ ఫలితము ప్రకటింపబడినది. అక్కడి టన్ను మట్టిలో 100 నుండి 400 గ్రాముల నీరు ఉండవచ్చునని లెక్క. సహారా ఎడారి ఇసుకలో ఇందుకు నూరురెట్లు నీరున్నది! ఈ కొద్ది నీరు గాజుపూసలవంటి రేణువులలోనో, రేణువుల నడుమనో చిక్కుకొని ఉండవచ్చును.

ధ్రువముల సంగతి వేరు. చంద్రుని అక్షము వాలు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే. అందువలన అక్కడి లోతైన బిలములలో కొన్నింటి అడుగున ఎండ ఎన్నడూ పడదు. 2009 అక్టోబరు 9వ తేదీన నాసా ఒక ఖాళీ రాకెట్టు భాగమును దక్షిణధ్రువ సమీపమున ఉన్న కెబియస్ బిలములో పడవైచినది. పైకి లేచిన ధూళిలో సుమారు 155 కిలోగ్రాముల నీరు ఆవిరిగాను, మంచుగాను కనబడినది. చంద్రయాన్-1 తో సంబంధములు 2009 ఆగస్టులోనే తెగిపోయినవి. కాని అది పంపిన కొలతలను మరల పరిశీలించగా, ధ్రువబిలముల నీడలలో మంచు నేలపైననే ఉన్నట్లు 2018లో తేలినది.

రేపు చంద్రునిపై కొంతకాలము నివసింపదలచినవారికి ఈ మంచు త్రాగునీరు కాగలదు. దానిని విద్యుత్తుతో విడదీసినచో పీల్చుటకు ఆమ్లజని, రాకెట్టుకు ఇంధనముగా ఉదజని లభిస్తవి. అయితే చీకటి బిలములలో, గడ్డకట్టిన మట్టినుండి దానిని వెలికితీయుట సులభముకాదు. ఏ బిలములో, ఎంత లోతున, ఎంత మంచు ఉన్నదో ముందు కొలువవలెను. శాస్త్రజ్ఞుల తరువాతి పని అదియే.