ఎలర్జీ: ఏ చికిత్స ఎవరికి తగును?

“నాకు దుమ్ము పడదు”, “మా పిల్లవానికి రొయ్యలు పడవు” అని మన ఇండ్లలో చెప్పుకొనుట వాడుక. ఈ పడకపోవుటనే వైద్యులు ఎలర్జీ అందురు. వియన్నా నగరమునందలి క్లెమెన్స్ ఫాన్ పిర్కే అను శిశువైద్యుడు 1906వ సంవత్సరమున ఈ పేరు పెట్టెను. రోగక్రిములను ఎదిరించుటకు శరీరమునకు ఒక రక్షణశక్తి కలదు. ఆ శక్తి హాని చేయని పుప్పొడినో, దుమ్మునో శత్రువుగా భావించి ఎదుర్కొనుటయే ఎలర్జీకి మూలము. అప్పుడు కొన్ని కణముల నుండి హిస్టమిన్ అను పదార్థము వెలువడును. తుమ్ములు, ముక్కు కారుట, కండ్ల దురద, దద్దుర్లు మొదలగునవి చాలవరకు దీని ఫలితములే. ఇది అంటువ్యాధి కాదు.

దీనికి మందులు పెక్కు కలవు. కొన్ని వెంటనే ఉపశమనము కలిగించును. కొన్ని నిదానముగా పనిచేసి వ్యాధిని అదుపులో నుంచును. ఈ భేదము తెలియక, వెంటనే సుఖమునిచ్చు మందునే నిత్యము వాడుటవలన పలువురు కొత్త బాధలు కొనితెచ్చుకొనుచున్నారు.

కారణమును తొలగించుట

పరుపులలోను, దిండ్లలోను కంటికి కనిపించని ధూళిపురుగులు నివసించును. ఇవియు, బొద్దింకలును, తడిగోడలపై పట్టు బూజును ఇంటిలోని ముఖ్యకారణములు. దుప్పట్లను, దిండు గలీబులను వారమున కొకసారి వేడినీటితో ఉతుకవలెను. చీపురుతో దుమ్ము రేపుటకంటె తడిగుడ్డతో తుడుచుట మేలు. బయట, వయ్యారిభామ మొక్కవలన చర్మమునకు దురదయు, దాని పుప్పొడివలన తుమ్ములును కలుగును. 1950 దశకమున పూనా ప్రాంతమున కనిపించిన ఈ కలుపు నేడు దేశమంతట వ్యాపించినది. దీనిని పూతకు రాకముందే, చేతులకు తొడుగులు ధరించి పెరికివేయవలెను.

నోటితో మింగు బిళ్ళలు

హిస్టమిన్‌ను అడ్డగించు బిళ్ళలు రెండు తరములకు చెందినవి. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాతమందులు చవుకైనవే గాని మత్తు కలిగించును. వాహనములు నడుపువారు, యంత్రములవద్ద పనిచేయువారు వీనిని వాడరాదు. వృద్ధులలో ఇవి మతిభ్రమమును, మూత్రబంధమును కలిగింపవచ్చును. పడిశమునకు అమ్ము అనేక మిశ్రమ బిళ్ళలలో ఈ మందే కలిసియుండును గనుక పేరు చదివి కొనవలెను.

సెటిరిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ అను కొత్తమందులు సాధారణముగా దినమునకు ఒక్కసారి చాలును. వీనిలో ఫెక్సోఫెనడిన్‌వలన మత్తు చాల తక్కువ. సెటిరిజిన్ కొందరికి నిద్ర తెచ్చును. తుమ్ములకు, దురదకు, దద్దుర్లకు ఇవి మంచి మందులు. ముక్కుదిబ్బడకు మాత్రము వీని ప్రభావము స్వల్పము. మాంటెలుకాస్ట్ అను మరియొక మందును వీనితో కలిపి అమ్ముట కలదు. అది కొందరికి పీడకలలను, మనోవికారములను కలిగించును గనుక వైద్యుని సలహా లేక వాడరాదు.

ముక్కులో వేయు మందులు

జైలోమెటజొలిన్, ఆక్సిమెటజొలిన్ చుక్కలు కొద్ది నిమిషములలో ముక్కుదిబ్బడను తొలగించును. కాని ఐదు దినములకు మించి వాడినచో, మందు ఆపగనే ముక్కు మునుపటికంటె ఎక్కువగా మూసికొనును. రోగి మరల చుక్కలే వేసికొనును. ఇట్లు నెలల తరబడి ఆ సీసాకు కట్టుబడినవారు కలరు.

ఫ్లూటికాసోన్, మొమెటాసోన్, బుడెసొనైడ్ అను స్టెరాయిడ్ తుంపరమందుల స్వభావము దీనికి విరుద్ధము. ఇవి నిదానముగా పనిచేయును. పూర్తిగుణము కనిపించుటకు రెండు వారములు పట్టవచ్చును. రెండు మూడు దినములు వాడి, గుణము లేదని మానివేయుట పొరపాటు. వారములో పలుదినములు బాధపడువారికి, ముఖ్యముగా ముక్కుదిబ్బడ కలవారికి, బిళ్ళలకంటె ఇవి మేలైనవి. రక్తములో చేరు మోతాదు మిక్కిలి స్వల్పము గనుక స్టెరాయిడ్ అను పేరు విని భయపడ నక్కరలేదు. తుంపరను ముక్కు నడిమి గోడవైపునకు గాక బయటివైపునకు కొట్టినచో రక్తము కారుట తగ్గును.

పావులీటరు నీటిలో అరచెంచా ఉప్పు కలిపి ముక్కు కడుగుకొనుట అందరికి అందుబాటులోనున్న ఉపాయము. ఆ నీరు తప్పక మరగించి చల్లార్చినదై యుండవలెను.

రెండు విధములైన ఇంజెక్షనులు

ఒక్క ఇంజెక్షనుతో తుమ్ములు నెలరోజులు రావని చెప్పి ఇచ్చునది తరచుగా స్టెరాయిడ్ మందు. అది శరీరమంతట వ్యాపించును. మరల మరల తీసికొన్నచో రక్తములో చక్కెర పెరుగును, ఎముకలు బలహీనమగును, శరీరము స్వయముగా తయారుచేసికొను హార్మోను తగ్గిపోవును. కేవలము తుమ్ములకొరకు దీనిని కోరరాదు. దురదకు స్టెరాయిడ్ లేపనములను స్వంతముగా కొని పూయుటయు ఇట్టిదే. చర్మము పలుచబడును, తామర మరింత వ్యాపించును. అందువలననే 2018లో భారత ప్రభుత్వము పెక్కు స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీపై మాత్రమే అమ్మవలెనని నియమించెను.

రెండవది పడని పదార్థమునే మిక్కిలి స్వల్పమోతాదులో ఇచ్చి, క్రమముగా పెంచి, శరీరమునకు అలవాటుచేయు చికిత్స. లండనులో లియొనార్డ్ నూన్ 1911లో దీనిని ప్రకటించెను. ఎలర్జీ స్వభావమునే మార్చగల చికిత్స ఇది. కాని మూడు నుండి ఐదు సంవత్సరములు సాగును. ఏది పడదో పరీక్షలో నిర్ధారణ కావలెను. ప్రతి ఇంజెక్షను పిదప అరగంటసేపు వైద్యుని పర్యవేక్షణలో నుండవలెను. అదుపులో లేని ఉబ్బసము కలవారికి ఇది తగదు.

ఆలస్యము చేయరాని సమయము

పడని ఆహారము తినినప్పుడు, తేనెటీగ కుట్టినప్పుడు, లేక మందు పుచ్చుకొన్న పిదప నాలుక, గొంతు వాచుట, ఊపిరి ఆడకపోవుట, స్పృహ తప్పుట కనిపించినచో అది ప్రాణాపాయము. అప్పుడు ఎలర్జీ బిళ్ళ ప్రాణము కాపాడదు. తొడ కండరములో ఇచ్చు ఎడ్రినలిన్ ఇంజెక్షనే మొదటి మందు. రోగిని నడిపింపక పరుండబెట్టి, ఊపిరి కష్టమైనచో కూర్చుండబెట్టి, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. తేరుకొన్నను, బాధ కొన్ని గంటల తరువాత తిరిగి రావచ్చును గనుక వైద్యుడు పొమ్మనువరకు అచటనే యుండవలెను.

ఎంచుకొను విధము

అప్పుడప్పుడు మాత్రమే బాధపడువారికి మత్తులేని బిళ్ళ చాలును. తరచుగా బాధపడువారు ముక్కులో తుంపరమందును ఓపికతో వాడవలెను. వీనితోను తగ్గనివారు అలవాటుచేయు చికిత్సను గూర్చి వైద్యుని అడుగవలెను. గర్భవతులు, పాలిచ్చు తల్లులు ఏ మందునైనను వైద్యుని అడిగియే పుచ్చుకొనవలెను; పసిపిల్లలకును వైద్యుని అడిగియే ఇయ్యవలెను. త్వరగా పనిచేయునది ఏది యని గాక, ఎన్నాళ్లు వాడినను హాని చేయనిది ఏది యని విచారించుట వివేకము.