ఆర్కే బీచ్‌లో ఏటా ఇసుక ఎందుకు పోయాలి?

ఈ ఎపిసోడ్‌లో వైజాగ్ ఆర్కే బీచ్ గురించి మాట్లాడుకుందాం. "కోట్లు పెట్టి ఒడ్డున ఇసుక పోస్తారు, కొన్నాళ్లకే కొట్టుకుపోతుంది, డబ్బంతా సముద్రం పాలు" అనే మాట మీరు వినే ఉంటారు. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. చదివాక తెలిసింది, లెక్క వేరే ఉంది.

ముందు ఒక బేసిక్ విషయం. బీచ్ అంటే ఒకచోట కూర్చున్న ఇసుక కాదు, నడుస్తున్న ఇసుక. అలలు ఒడ్డుకి ఎక్కువగా ఏటవాలుగా వస్తాయి. వస్తూ ఇసుకని పక్కకి తోసుకుంటూ పైకి తెస్తాయి. తిరిగి వెళ్లేటప్పుడు నీరు తిన్నగా కిందకి జారుతుంది. ఇలా రోజంతా జరుగుతూ ఉంటే ఇసుక జిగ్‌జాగ్‌గా ఒడ్డు వెంట ప్రయాణం చేస్తుంది. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ఆ ప్రయాణం ఉత్తరం వైపు. ఈశాన్య గాలుల నెలల్లో దక్షిణం వైపు. ఏడాది మొత్తం చూస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ.

ఇప్పుడు మ్యాప్ చూడండి. ఆర్కే బీచ్‌కి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కనే హార్బర్ ఉన్నాయి. హార్బర్ 1933లో మొదలైంది. ఆ రోజుల్లోనే రెండు పాత ఓడల్ని అక్కడ ముంచేసి అడ్డుకట్టగా వాడారు. తర్వాత 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి పెద్ద రాతి కట్టలు వేశారు. వాటినే బ్రేక్‌వాటర్లు అంటారు. ఓడలకి అవి కావాల్సిందే. కానీ దక్షిణం నుంచి నడిచొచ్చే ఇసుక చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఇవతల అలలు మాత్రం డ్యూటీ మానవు కదా! ఆర్కే బీచ్ ఇసుకని ఎప్పటిలాగే ఉత్తరానికి మోసుకెళ్తాయి. బ్యాంకు పాస్‌బుక్ లాగా చూస్తే, జమ ఆగింది, ఖర్చు ఆగలేదు.

చెన్నైలోనూ ఇదే కథ. అక్కడ 1870ల్లో హార్బర్ పని మొదలుపెట్టారు. కట్టకి దక్షిణాన ఇసుక చేరి మెరీనా బీచ్ వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకి గురైంది.

అందుకే వైజాగ్‌లో దక్షిణం కట్ట దగ్గర ఇసుక పడేలా ఒక గుంత ఏర్పాటు చేశారు. దాన్ని శాండ్ ట్రాప్ అంటారు. డ్రెడ్జర్‌తో ఆ ఇసుకని తోడి బీచ్‌కి పంపాలి. అంటే మనం సముద్రానికి దానం చెయ్యడం లేదు, మనం ఆపేసిన ఇసుకని తిరిగి ఇస్తున్నాం. అది మళ్లీ కొట్టుకుపోతే ఫెయిల్ అయినట్టు కాదు. లాసన్స్ బే, పెదజాలరిపేట వైపు ఒడ్డుకి మేత అదే. అక్కడి మత్స్యకారులు పడవలు లాగిపెట్టుకునేది, వలలు ఆరేసుకునేది ఆ ఇసుక మీదే. వాళ్లకి బీచ్ షికారు చోటు కాదు, పనిచేసే చోటు.

మరి గోడ కట్టేస్తే పోలా? గోడ వెనకున్న రోడ్డుకి రక్షణ దొరుకుతుంది, ముందున్న బీచ్‌కి కాదు. అల గోడకి తగిలి వెనక్కి మళ్లినప్పుడు గోడ పాదం దగ్గర ఇసుకని తవ్వేస్తుంది. కింద ఆధారం పోయి రాళ్లు జారతాయి. గోడ ఆగినచోట పక్క ఊరు కోతకి గురవుతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో రాళ్లు వేశారు, జియోట్యూబులూ పేర్చారు. జియోట్యూబులంటే ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచులు. అయినా పెద్ద తుపాను వస్తే బీచ్ రోడ్డు దెబ్బతింటూనే ఉంది. ఇళ్లు నీళ్ల అంచున ఉన్నచోట గోడ తప్పకపోవచ్చు. కానీ వానాకాలానికి ముందూ తర్వాతా కొలతలు తీసుకోవాలి, జారిన రాళ్లు మళ్లీ పేర్చాలి, చిరిగిన సంచులు మార్చాలి.

కోడ్ రాసే ఉద్యోగంలో నేను నేర్చుకున్నది కూడా ఇదే. రిలీజ్ చేసిన రోజు పార్టీ ఉంటుంది, అసలు పని మర్నాడు మొదలవుతుంది.

శిలాఫలకం మీద కట్టిన ఖర్చు ఉంటుంది, నిలబెట్టే ఖర్చు ఉండదు. అందుకే మీ ఊళ్లో సముద్రపు గోడకి శంకుస్థాపన జరిగితే మూడు ప్రశ్నలు అడగండి. ఏటా దీన్ని ఎవరు చూస్తారు? దానికి డబ్బు ఎక్కడిది? ఇది ఆపే ఇసుక ఏ ఊరిది?